తక్లా అక్క రక్తం

మార్చి 4, మంగళవారం

ఇవాళ మా అక్క తెల్లకణం భోంచేస్తుంటే చూశాను.

రాస్తుంటే నవ్వొస్తోంది గానీ నిజంగా అలాగే ఉంది. అక్క రక్తంలోంచి తెల్లకణాలను వేరుచేసి గాజుపళ్ళెంలో పెట్టాం. అక్క ఇంట్లో మిషన్ కింద ఊడ్చుకొచ్చిన ప్లాస్టిక్ పొడినే ఇంకా మెత్తగా చేసి, మెరిసే రంగు పట్టించి, అందులో చిటికెడు వేశాం. మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. కణం దాని వైపు జరిగింది. ఆగింది. ఒళ్ళంతా సాగదీసి చుట్టేసింది. దానికి కళ్ళు లేవు, ముక్కు లేదు, ఎవరు చెప్పారో ఏమో! ఒసేయ్ పిచ్చిదానా, అది సూక్ష్మజీవి కాదే, సబ్బుసీసా ముక్క, అరగదు అని అరవాలనిపించింది. మింగేసింది. మింగి, ఇంకో చుక్క వైపు బయలుదేరింది.

డాక్టర్ సఫీనాజ్ నా వెనకే నిలబడి ఉన్నారు. ఆవిడ కాపురమంతా ఈ తెల్లకణాలతోనే. అయినా ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు.

"ఎంత పౌరుషమో చూశావా ఫెబ్రోనియా?"

"అరిగించుకోలేదుగా మేడమ్?"

"లేదు. అలాగని వదలదు కూడా. కొన్ని మింగాక చచ్చిపోతుంది. చచ్చేముందు మిగతావాటిని కేకేస్తుంది. అవొస్తాయి, వాపు మొదలవుతుంది. పళ్ళెంలో ఇంతవరకూ చూశాం. మనిషి ఒంట్లో ఏమవుతుందో మాత్రం నాకు తెలీదు."

ఈ 'నాకు తెలీదు' ఆవిడ రోజుకోసారైనా అంటారు. ఇంత పెద్ద డాక్టరు అంత తేలిగ్గా ఎలా అనగలరో అనుకుంటాను.

ల్యాబ్‌లో నాతో పనిచేసే వాఇల్‌కి రంజాను, నాకు ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసం. "ఈ ల్యాబ్ మొత్తం మీద తింటున్నది మీ అక్క కణం ఒక్కటే" అన్నాడు వాడు.

మార్చి 6, గురువారం

లెక్క తేలింది. ఎవరి రక్తంలో ఎంత ప్లాస్టిక్ ఉందో తేలింది. శరత్కాలంలో తీసిన, డబ్బున్నవాళ్ళ పేట హీలియోపోలిస్ ఆఫీసుల వాళ్ళ రక్తంలో ఏదో కాస్త. ఈ చలికాలంలో తీసిన మా కొండవాళ్ళ రక్తంలో బోలెడు. ఎందుకుండదు? కైరో మొత్తం చెత్త మా ముఖత్తం కొండకే ఎక్కుతుంది. సీసాలు ఏరి, కడిగి, మిషన్లో వేసి పొడి చేసేది మేమే. ఆ పొడిలోనే పుట్టాం, ఆ పొడిలోనే దోగాడాం.

అందరికంటే ఎక్కువ తక్లా అక్కకే.

చెప్పకూడదు, లెక్క సరిచూసే ఖాళీ సీసాలు ఇంకా చూడలేదు. కానీ ఆగలేకపోయాను. ఫోన్ చేశాను.

"నాకే ఎక్కువా? చూశావా మరి, బళ్ళో ఎప్పుడూ రాని ఫస్టు ఇప్పుడొచ్చింది" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "నిజంగానా ఫెబూ?"

"నిజంగా."

"సరే అయితే. మాటంటే మాటే."

మాట ఏమిటంటే, మిషన్ సంగతి. బావ పోయాక అక్కే నడుపుతోంది. అది ఇంట్లోనే కింది గదిలో ఉంది, సరిగ్గా దాని మీది గదిలో అక్క కూతురు వెరీనా పడుకుంటుంది. పిల్లకి చలికాలమంతా పిల్లికూతలే. మిషన్ని కొండకింద మా పెదనాన్న కొడుకు షెడ్డులోకి మార్చవే అని నేను ఎన్నిసార్లు చెప్పానో! "నా ఒంట్లోకి నిజంగా పోతోందని చూపించు, అప్పుడు మారుస్తా. ఊరికే భయపడి పని దూరం చేసుకోను" అనేది. ఇప్పుడు చూపించాం. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మార్చి 9, ఆదివారం

ఖాళీ సీసాల్లో కూడా ఉంది.

మార్చి 10, సోమవారం

నిన్న ఒక్క ముక్క కంటే రాయబుద్ధి కాలేదు. ఖాళీ సీసా అంటే రక్తం లేనిది. ఒట్టి నీళ్ళు పోసి, రక్తానికి చేసే పనులన్నీ దానికీ చేస్తాం. అందులో ఏమీ ఉండకూడదు. ఉందంటే అది మనుషుల రక్తంలోది కాదు, మా ల్యాబ్‌లోది. శరత్కాలం ఖాళీలు శుభ్రంగా ఉన్నాయి. చలికాలం ఖాళీల నిండా ప్లాస్టిక్. అక్క రక్తంలో ఉన్న రకమే.

ఎలా వస్తుందండీ? మేము వేసుకునేవి నూలు కోట్లు. వాటికీ నారింజ రంగు వేయించారు మేడమ్, మా బట్టల పోగు పడితే ఇట్టే తెలియాలని. (ఆ కోటు చూసి అక్క ఏమందో గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "చెత్త ఎత్తకూడదని నిన్ను చదివిస్తే, వీళ్ళు నీకు వీధులూడ్చేవాళ్ళ కోటు తొడిగారేమే!") గోళ్ళకి రంగు లేదు. సీసాలన్నీ గాజువి. ఆఖరికి వాఇల్ గడ్డం కూడా తీయించారు, ఆ నెరిసిన పోగులు ఏమిటో తేలక.

పని ఆపేయమన్నారు. దొరికేదాకా ఒక్క చుక్క కూడా ముట్టుకోకూడదట.

అక్క ఫోన్ చేసింది. తీయలేదు.

మార్చి 11, మంగళవారం

నీళ్ళు మార్చాం. వడపోత మార్చాం. సీసాలు కొలిమిలో కాల్చాం. మళ్ళీ ఉంది. అయినా నాకేం భయం లేదు. ఏదో చిన్న విషయమే అయ్యుంటుంది.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

మార్చి 12, బుధవారం

దొరికింది.

మా ల్యాబ్‌లో శుభ్రమైన గాలి వీచే పెట్టె ఒకటుంది. రక్తం సీసాలన్నీ దానిలోనే తెరుస్తాం, బయటి దుమ్ము పడకుండా. మేడమ్ దానికోసం ఎన్నో ఏళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగారు. అందుకే అది వచ్చిన రోజున పెళ్ళికూతురని పేరు పెట్టుకున్నాం. లోపలి ఉక్కు పలకల మీద నీలం పొర ఉండేది, గీతలు పడకుండా కంపెనీ వాళ్ళు అంటించేది. ఆ రోజు వాఇల్ ఒక మూల పట్టుకుని లాగబోయాడు. "చెయ్యి తియ్! గీత పడిందంటే ఊరుకునేది లేదు" అని మేడమ్ కేకేశారు. అంతే, ఇక ఎవరం ముట్టుకోలేదు. వింతగా కూడా అనిపించలేదు. మా ఇళ్ళలో టీవీ రిమోటుకి కవరు, ఫ్రిజ్ తలుపుకి కవరు, కుర్చీలకి కవరు. కొత్తది కొత్తగానే ఉండాలి కదా మరి.

ఇవాళ మేడమ్ పెట్టె లోపల నల్ల నూలుగుడ్డతో తుడిచారు. గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. నీలం పొట్టు. కంటికి ఆనీ ఆననంత సన్నగా, గుడ్డ నిండా. సూక్ష్మజీవులు చావాలని పెట్టెలో రోజూ అల్ట్రావయొలెట్ దీపం వేసి పెడతాం. ఆ వెలుగుకి పొర పెళుసుబారింది, గాలికి రాలింది, సీసాల్లో పడింది.

అంటే శరత్కాలంలో పొర గట్టిగా ఉంది, ఆఫీసు వాళ్ళ రక్తం శుభ్రంగా కనిపించింది. చలికాలానికి పొర రాలడం మొదలైంది, మా వాళ్ళ రక్తం మురికిగా కనిపించింది. ఆ తేడా ఎంతవరకు మనుషులది, ఎంతవరకు పొరది, చెప్పలేం.

ప్లాస్టిక్ కోసం రక్తం జల్లెడ పట్టేవాళ్ళం, మా పెట్టె మీది ప్లాస్టిక్ తీయలేదు!

ఆ రోజు వాఇల్‌ని కేకేసింది ఎవరో ముగ్గురికీ తెలుసు. మేమిద్దరం నేల చూపులు చూస్తున్నాం, ఆవిడకి తప్పించుకునే దారి ఇద్దామని. ఆవిడ తప్పించుకోలేదు.

"తీయొద్దని చెప్పింది నేను. రిపోర్టులో అలాగే రాయి వాఇల్, నా పేరుతో" అన్నారు. తర్వాత చేత్తోనే పొర ఒలిచారు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

మార్చి 13, గురువారం

ఇవాళ నేను మేడమ్‌తో గొడవపడ్డాను. గొడవ కాదు. అడిగాను, అంతే.

ఖాళీల్లో ఉన్నంత తీసేసి మిగిలింది వేసుకుందాం, అందరూ చేసేదే కదా అన్నాను. పొట్టు అన్ని సీసాల్లో సమానంగా పడదు, ఆ లెక్క ఊహ అవుతుంది అన్నారు. చలికాలం రక్తమంతా పారబోసి, కొండమీదికెళ్ళి, జరిగింది చెప్పి, ఇష్టమైతే మళ్ళీ ఇమ్మని అడుగుతారట.

"మా వాళ్ళు మీకు తెలీదు మేడమ్. ఎంతమంది వచ్చి ఏమేం పట్టుకుపోయారో! నా మొహం చూసి చెయ్యి చాపారు. ఇప్పుడు పారబోశాం అంటే మళ్ళీ ఈ జన్మలో చాపరు."

"చాపకపోవచ్చు."

"మా అక్క షెడ్డు మాట్లాడేసుకుంది. మిషన్ కదులుతోంది. పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. లెక్క తప్పయినా జరిగేది మంచే కదా!"

మేడమ్ కోప్పడతారనుకున్నాను. "నేనైనా అలాగే అడిగేదాన్నేమో, నా చెల్లెలైతే" అన్నారు. "కానీ ఫెబ్రోనియా, ఇవాళ అబద్ధం చెప్పి మిషన్ కదిపిస్తే, రేపు నిజంగా దొరికినప్పుడు మీ అక్క ఎందుకు నమ్మాలి?"

ఆవిడకేం, హీలియోపోలిస్‌లో ఉంటారు. ఏమైనా అనగలరు. నాకు కోపం లేదు. అసలు లేదు.

మార్చి 16, ఆదివారం

పూజయ్యాక చర్చి బయట అక్క దొరికేసింది. కింది గదిలో సగం ఖాళీ చేసిందట. మిషన్ తీశాక గోడలకి సున్నం వేయించి వెరీనాకి చదువుకునే బల్ల వేస్తుందట. ఏ రంగు బాగుంటుందని అడిగింది.

"నీ ఇష్టం" అన్నాను.

"ఏమైందే నీకు? ఉపవాసం పడలేదా?"

ఏం లేదన్నాను. వచ్చే ఆదివారం మా డాక్టరుగారు మీ ఇంటికి వస్తారని మాత్రం చెప్పాను.

"మా ఇంటికా? అంత పెద్దావిడా? ముందే చెప్పాలి కదే!"

మార్చి 20

రేపటికో ఎల్లుండికో మేడమ్ మనసు మారుతుందేమో. ఖమాసీన్ ఇసుకగాలి లేస్తుందంటున్నారు, ప్రయాణం ఆగుతుందేమో.

మార్చి 23, ఆదివారం

గాలి లేవలేదు. మేడమ్ మనసూ మారలేదు.

ఆదివారం కాబట్టి కొండమీద మిషన్లు ఆగాయి. మేడమ్ రంజాను ఉపవాసంతో, చెత్తసంచుల బళ్ళ మధ్యలోంచి ఎక్కి, మళ్ళీ అక్క ఇంటి మెట్లెక్కి, పైకొచ్చేసరికి పెదాలు ఎండిపోయాయి. గది నిండా ఆడవాళ్ళు. చలికాలంలో రక్తమిచ్చినవాళ్ళంతా వచ్చారు. అక్క ఆవిడని పెద్దకుర్చీలో కూర్చోబెట్టింది. పెళ్ళప్పుడు బావ కొన్న కుర్చీలవి, కంపెనీ కవరు తీయలేదు. మేడమ్ కూర్చోగానే కవరు కిర్రుమంది.

"ఒసేయ్ వెరీనా, టీ..." అని కేకేసి అక్క నాలిక్కరుచుకుంది. "అయ్యో, ఉపవాసం కదూ మీకు! నా బుద్ధి మండ." ఇంటికొచ్చినవాళ్ళు గుక్కెడు నీళ్ళయినా తాగకుండా కూర్చుంటే మాకు కాలూ చెయ్యీ ఆడదు. అక్క చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తలగుడ్డ సర్దుకుంటూ నిలబడింది.

మేడమ్ సుత్తి లేకుండా చెప్పారు. "మీరిచ్చిన రక్తం పాడైంది. మీ తప్పు కాదు, ఫెబ్రోనియా తప్పు కాదు. నాది. మా పెట్టె మీద ఒక ప్లాస్టిక్ పొర ఉంది. తీయొద్దని నేనే అన్నాను. అది రాలి మీ రక్తంలో పడింది. మీ ఒంట్లో ఎక్కువుందని విన్నారు కదా, అది నమ్మకండి. ఉందో లేదో నాకు తెలీదు. తెలియాలంటే మళ్ళీ తీయాలి. ఇవ్వనంటే మీకు ఆ హక్కుంది."

నేను అక్క వైపు చూడలేదు. చూడలేకపోయాను.

"అయితే మా రక్తం ఏమైంది?" అంది ఉమ్ బిషోయ్. అక్క ఎదురింటావిడ, మా వీధికంతా ఆవిడే నోరు.

"పారబోశాం."

"అంటే ఊరికే పొడిచారా!" గదంతా గోలెత్తింది. "మొదటొచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుపోయారు. ఈవిడ రక్తం తీసుకుపోయింది. తర్వాతొచ్చేవాడు కిడ్నీ అడుగుతాడు!" అంది ఉమ్ బిషోయ్. ఇద్దరు లేచి తలుపు దాకా వెళ్ళారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆగండే" అంది అక్క. "ఒక్క మాట డాక్టరమ్మా. ఆ పొర, ఎన్నాళ్ళనుంచి తీయలేదు?"

"రెండేళ్ళు."

"ఎందుకూ?"

మేడమ్ గొంతు కాస్త తగ్గింది. "కొత్తది. పాడవుతుందని."

అక్క మేడమ్ కూర్చున్న కుర్చీ వైపు చూసింది. అందరం చూశాం. ఆ కవరు, పక్క కుర్చీ కవరు, సోఫా కవరు, మూలన ఫ్రిజ్ మీద కవరు. ముందు ఉమ్ బిషోయ్ కిసుక్కుమంది. తర్వాత ఇంకెవరో. తలుపు దగ్గరివాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. "ఇంత చదివీ మాలాగే ఏడ్చారన్నమాట!" అంది ఉమ్ బిషోయ్ కళ్ళు తుడుచుకుంటూ. మేడమ్ కూడా నవ్వేశారు. అక్క ఒక్కతే నవ్వలేదు.

"లేవండి డాక్టరమ్మా" అంది.

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ మారుమాట లేకుండా లేచి, సంచీ భుజాన వేసుకున్నారు. అయిపోయింది, గెంటేస్తోంది అనుకున్నాను. అక్క లోపలికెళ్ళి గోనెలు కోసే కత్తి తెచ్చింది. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కవరుని ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒక్క గీత కోసింది. లాగి పారేసింది.

కింద ఎర్రటి ముఖమల్. దానిమ్మ గింజ రంగు. వెరీనా పుట్టకముందు నుంచి చూస్తున్నాను ఆ కుర్చీలని, వాటి రంగు ఇదని నాకు తెలియనే తెలియదు. పాపం బావ కూడా ఎన్నడూ ఆ గుడ్డ మీద కూర్చోలేదు.

"ఇప్పుడు కూర్చోండి" అంది అక్క. "టీ తాగరు, నీళ్ళు తాగరు. కూర్చోడానికైనా మెత్తగా ఉండాలి కదా."

మేడమ్ కూర్చున్నారు. రెండు చేతులూ ముఖమల్ మీద ఆనించి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

అక్క పక్క కుర్చీ కవరు కూడా కోసి, అందులో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచింది. "ఫెబూ, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? సూది తియ్యి. ఈసారి పారబోశారో, చూడండి మరి!"

ఆమె తర్వాత ఉమ్ బిషోయ్. ఆ తర్వాత మిగతావాళ్ళు. ఒక్కరు కూడా వెనక్కి వెళ్ళలేదు.

బయటికొస్తుంటే అక్క నన్ను మెట్ల మీద ఆపింది. తిడుతుందనుకున్నాను. "షెడ్డువాడికి ఆగమని చెప్తాను. నిజం తేలనీ. తేలేదాకా అది కదలదు" అంది. "ఇంకోసారి నాకు సగం ఉడికినది వడ్డించకు."

మార్చి 24

నిన్న మేడమ్‌ని చూశాక, 13న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. హీలియోపోలిస్ మాట మాత్రం అనవసరం.

ఏప్రిల్ 2

కొత్త ఖాళీలు: ఏమీ లేదు. వాఇల్ పెళ్ళికూతురికి దణ్ణం పెట్టాడు.

ఆఫీసు వాళ్ళ రక్తం కూడా మళ్ళీ తీస్తున్నాం. శరత్కాలంలో పొర గట్టిగానే ఉందని ఎవరు చూశారు అంటారు మేడమ్. నాకు చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ మాటే నిజం.

వెరీనాకి మళ్ళీ పిల్లికూతలు.

ఏప్రిల్ 16, బుధవారం

ఈసారి నేను ఫోన్ చేయలేదు. నువ్వే రా అన్నాను. అక్క మా ల్యాబ్‌కి రావడం ఇదే మొదలు. ఈస్టరు పండక్కి కుట్టించుకున్న కొత్త గౌను వేసుకొచ్చింది. పైన నారింజ కోటు తొడిగించారు. "ఇంక ఇద్దరం వీధులూడ్వడానికి పోదాం పద" అంది.

మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. మొదట చెప్పినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. కానీ ఉంది. ఆఫీసు వాళ్ళ కంటే కొండవాళ్ళలో కొంచెం ఎక్కువగానే కనిపిస్తోంది. ఇంతమందిని చూసి గట్టిగా చెప్పలేం.

"అయితే ఫస్టు కూడా పోయిందా నాకు?"

"పోయింది. ఉమ్ బిషోయ్‌కి వచ్చింది."

"ఇంక దాని నోరు పట్టలేం!" అని, కాసేపు ఆగి, "నాకు జబ్బు చేస్తుందా డాక్టరమ్మా?" అంది.

"నాకు తెలీదు. చేయొచ్చు, చేయకపోవచ్చు. తెలిసిన రోజున ముందు మీ ఇంటికే వచ్చి చెప్తాను."

నాలుగో వంతు, కొంచెం, తెలీదు. ఇంత మాత్రానికి మా అక్క మిషన్ కదుపుతుందా? కదపదు. నాకు తెలుసు ఆమె. అప్పుడే సంచీ అందుకుంది కూడా, షెడ్డువాడికి వద్దని చెప్పాలి అనుకుంటూ. ఏదో ఒకటి చెప్పి ఆపాలని నోరు తెరిచాను. చెప్పడానికి అబద్ధాలు తప్ప ఏమీ మిగల్లేదు.

"వెళ్ళేముందు ఒకసారి ఇది చూడు" అన్నాను చివరికి. పళ్ళెం సిద్ధంగానే ఉంది. కొత్తగా తీసిన ఆమె రక్తంలోని కణాలు, ఆమె మిషన్ కింది పొడి.

అక్క ఒక కన్ను మూసి మైక్రోస్కోపు మీద వంగింది. "ఆ పచ్చవేంటి?"

"మీ గదిలో పొడి. రంగు మేం వేశాం."

"ఆ తెల్లగా పాకేది?"

"నువ్వే. నీ తెల్లకణం."

అది ఒక చుక్క దగ్గరికి వెళ్ళి ఉంటుంది, చుట్టేసి ఉంటుంది, అక్క భుజం కదలడం బట్టి తెలుస్తోంది.

"తినేసిందే! అరుగుతుందా దానికి?"

"అరగదు."

"మరి కక్కేయదా?"

"వదలదు అక్కా. పట్టుకునే ఉంటుంది. తర్వాత చచ్చిపోతుంది. ఇంకోటి వచ్చి దాని పని అందుకుంటుంది."

"ఎప్పుడూనా? నేను పడుకున్నప్పుడు కూడానా?"

"పడుకున్నప్పుడు కూడా."

అక్క అలాగే వంగి చూస్తూ ఉంది. వాఇల్ ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. చాలాసేపటికి అక్క తల ఎత్తింది. మైక్రోస్కోపు ఆనిన చోట కంటి చుట్టూ ఎర్రగా గీత పడింది.

"వెరీనా ఒంట్లో కూడా ఉంటాయా ఇవి?"

"అందరి ఒంట్లోనూ ఉంటాయి" అన్నారు మేడమ్.

"అయ్యో తల్లీ" అంది అక్క. మేడమ్‌ని కాదు, నన్ను కాదు, ఆ పళ్ళేన్ని. "ఒక్కమాట చెప్పకుండా ఎంత చాకిరీ చేస్తోందో చూడండి. నేనేమో పైనుంచి పోస్తూనే ఉన్నాను."

కోటు విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. జబ్బు చేస్తుందో లేదో మళ్ళీ అడగలేదు.

గేటు దగ్గర ఫోన్ తీసి షెడ్డువాడికి చేసింది. "పండగ కాగానే దించుతాం, చోటు చూసిపెట్టు. లేదు, లెక్క తక్కువే వచ్చింది. అయినా దించుతాం. అదంతా నీకెందుకురా, చెప్పింది చెయ్యి."

మంగళవారం నన్నూ రమ్మంది, మిషన్‌కి ఒక చెయ్యి పట్టడానికి. గోడకి ఏ రంగు వేయాలని మళ్ళీ అడిగింది. దానిమ్మ రంగు అన్నాను.

"నీ మొహం, గోడకి ఆ రంగేంటే" అంది. బస్సెక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "సరేలే, చూద్దాం" అంది.